పాత యుద్ధ విమానాన్ని బాగుచేసి ఎగరేయాలంటే: కొనే ముందు నుంచి తొలి ఫ్లైట్ దాకా

పాత యుద్ధ విమానాలు అమ్మేవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: “ఇరవై ఏళ్లుగా హ్యాంగర్లోనే ఉందండీ, అస్సలు వాడలేదు.” కొత్తగా ఈ పిచ్చి పట్టినవాళ్లు ఆ మాటకి మురిసిపోతారు. అసలు అనుమానం మొదలవ్వాల్సింది అక్కడే. ఎగిరే విమానం అరుగుతుంది, ఆ అరుగుదలని గంటల్లో లెక్కపెట్టవచ్చు. నిలబడిపోయిన విమానం లోపల్లోపల పాడవుతుంది. సిలిండర్ గోడలకి తుప్పు పడుతుంది, రెక్కని మోసే ప్రధాన దూలం, అంటే స్పార్లోకి తేమ చేరుతుంది, రబ్బరు గొట్టాలు పగులుతాయి. వీటికి ఏ లాగ్‌బుక్‌లోనూ లెక్క ఉండదు. కిందచెప్పే పనుల్లో చాలావరకు ఆ కనబడని పాడుని తెరిచి చూడటానికే. రంగులు, గుర్తులు, ఫొటోలు అన్నీ ఆ తర్వాత.

ఇక్కడ పిస్టన్ ఇంజను విమానాల గురించే రాస్తున్నాను. జెట్ల లోకం వేరు. ఎల్-39 లాంటి శిక్షణ జెట్‌లో సీటు కింద పేలే కార్ట్రిడ్జులుంటాయి, వాటికి గడువులుంటాయి, నిపుణులు తప్ప ఎవరూ చెయ్యి పెట్టకూడదు. మొదటి ప్రాజెక్టుగా జెట్ వద్దు.

1. ఏ విమానం?

మనసు మస్టాంగ్, స్పిట్‌ఫైర్ లాంటి రెండో ప్రపంచ యుద్ధపు ఫైటర్ల మీద ఉంటుంది, తెలుసు. కానీ మొదలుపెట్టాల్సింది శిక్షణ విమానంతో. అవి వేలల్లో తయారయ్యాయి కాబట్టి విడిభాగాలు దొరుకుతాయి. వాటిని ఎరిగిన మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. పైగా రెండు సీట్లుంటాయి, పక్కనో వెనకో గురువు కూర్చోవచ్చు.

అన్నిటికన్నా తేలిక పైపర్ ఎల్-4 (కబ్). 65 హార్స్‌పవర్ ఇంజను, స్టీల్ గొట్టాల చట్రం, పైన గుడ్డ. టైగర్ మాత్ 1931లో తొలిసారి ఎగిరింది, దానిది తలకిందులుగా బిగించిన నాలుగు సిలిండర్ల 130 హార్స్‌పవర్ జిప్సీ మేజర్ ఇంజను. అసలు డిజైన్లో బ్రేకులే లేవు, తోక కింద చక్రం బదులు స్కిడ్ ఉండేది. అందుకే దానికి గడ్డి మైదానమే నప్పుతుంది. స్టియర్‌మన్ పీటీ-17 కాస్త పెద్దది, 220 హార్స్‌పవర్ రేడియల్ ఇంజను (సిలిండర్లు చక్రం ఆకుల్లా చుట్టూ ఉండేది), రెక్కలు చెక్కవి. గుడ్డ, చెక్క పనుల జోలికి పోకూడదనుకుంటే 1946 నాటి చిప్‌మంక్ చూడండి, అది చాలావరకు రేకు విమానం.

వీటి తర్వాతి మెట్టు టి-6 టెక్సన్, బ్రిటిష్ వాళ్లు పెట్టిన పేరు హార్వర్డ్. 9 సిలిండర్ల ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1340 ఇంజను, 600 హార్స్‌పవర్. 15,000కి పైగా తయారయ్యాయి. యుద్ధకాలంలో ఫైటర్ పైలట్లు దీని మీద నేర్చుకునే మస్టాంగ్ ఎక్కేవారు, ఇప్పటికీ దారి అదే. తక్కువ డబ్బుతో రేడియల్ ఇంజను కావాలంటే యాక్-52, నాన్‌చాంగ్ సీజే-6 ఉన్నాయి. వీటిలో ఇంజను స్టార్టు చేసేది, చక్రాలు ముడిచేది, బ్రేకులు వేసేది అన్నీ సంపీడన గాలే. గాలి సిలిండర్ ఖాళీ అయితే విమానం ఉన్నచోటే కూర్చుంటుంది. ముందు చక్రం ఉంటుంది కాబట్టి నడపడం తేలిక, కానీ టెయిల్‌వీల్, అంటే తోక కింద చక్రం ఉన్న విమానం నడపడం, నేర్పవు.

ఖర్చు గురించి ఒక్క మాట. కొన్న ధర అన్నిటికన్నా చిన్న అంకె. టి-6 మామూలు క్రూజ్‌లోనే గంటకి 110 లీటర్ల పైన పెట్రోలు తాగుతుంది, మస్టాంగ్ దానికి రెట్టింపు. అసలు ఖర్చు మాత్రం ఇంజనుని పూర్తిగా విప్పి బాగుచేసే ఓవర్‌హాల్‌ది, అది మీరు ఎగరకపోయినా దగ్గరకి వస్తూనే ఉంటుంది. ఒక్కడే మోయలేకపోతే నలుగురైదుగురు కలిసి కొనండి. అప్పుడు విమానం కూడా ఎక్కువ ఎగురుతుంది, దానికి అది మంచిదే.

2. కాగితాలు

పాత విమానానికి గుర్తింపు అంటే దాని డేటా ప్లేటు (తయారీ నంబరు చెక్కిన రేకు), దానితో పాటు వచ్చిన చరిత్ర. 1940లో ఫ్రాన్స్‌లో కలే దగ్గర బీచ్‌లో దిగిపోయిన స్పిట్‌ఫైర్ పి9374 నలభై ఏళ్లు ఇసుకలో ఉండి 1980లో బయటపడింది, 2011లో మళ్లీ ఎగిరింది, 2015 వేలంలో 31 లక్షల పౌండ్లు పలికింది. ఇలాంటివాటిలో ఎంత లోహం పాతది, ఎంత కొత్తది అన్న చర్చ ఎప్పుడూ తెగదు. విలువ నిలబెట్టేది తెగని గొలుసులా సాగే రికార్డు. బ్రిటిష్ విమానమైతే ఆర్ఏఎఫ్ (బ్రిటన్ వైమానిక దళం) ఫారం 78 కదలికల కార్డు కోసం ఆర్ఏఎఫ్ మ్యూజియంని అడగండి, అమెరికన్‌దైతే ఎయిర్‌ఫోర్స్ చరిత్ర విభాగం దగ్గరి రికార్డు కార్డు తెప్పించుకోండి. అమెరికన్ విమానాల ఫ్యాక్టరీ డ్రాయింగులు చాలావరకు మైక్రోఫిల్మ్‌లో దొరుకుతాయి. డ్రాయింగులు లేని విమానం జోలికి పోవద్దని నా సలహా. ఒక బ్రాకెట్ మందం తెలియక నెలలు ఆగిపోతాయి.

అడవిలోనో సముద్రంలోనో పడి ఉన్న శిథిలం కొనే ముందు అది అమ్మేవాడిదేనా అన్నది తేల్చుకోవాలి. అమెరికా నేవీ తన మునిగిన విమానాల మీద హక్కు వదులుకోదు, 2004లో దానికంటూ చట్టమే వచ్చింది. బ్రిటన్‌లో 1986 చట్టం ప్రకారం కూలిన సైనిక విమానాన్ని లైసెన్సు లేకుండా తవ్వడం నేరం.

తర్వాత, విమానం ఏ కేటగిరీలో ఎగురుతుందో పని మొదలుపెట్టక ముందే విమానయాన అధికారులతో మాట్లాడండి. అమెరికాలో ఎక్కువ యుద్ధ విమానాలు ఎక్స్‌పెరిమెంటల్ ఎగ్జిబిషన్ కింద, మస్టాంగ్ లాంటివి లిమిటెడ్ కేటగిరీ కింద ఎగురుతాయి. బ్రిటన్‌లో పర్మిట్ టు ఫ్లై ఉంటుంది. ఏ పనిని ఎవరు చెయ్యాలి, ఎవరు సంతకం పెట్టాలి, ఏ దశలో తెరిచి చూపించాలి అన్నది దీన్నిబట్టే ఉంటుంది. రెక్క రేకు మూసేశాక ఇన్‌స్పెక్టర్ వచ్చి లోపల చూపించమంటే, వేసిన రివెట్లన్నీ మళ్లీ తీయాల్సిందే.

3. కొనే ముందు చూడాల్సినవి

టార్చి, చేతి అద్దం, అయస్కాంతం, బోరోస్కోప్ (సన్న రంధ్రంలోంచి లోపల చూసే కెమెరా), పాత బట్టలు తీసుకెళ్లండి. అదే రకం విమానం మీద పనిచేసిన మెకానిక్‌ని కూడా. అతని రోజు కూలి ఎంతైనా చౌకే.

పై మెరుగు చూడకండి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అక్కడ చూడండి: పొట్ట అడుగు, తోక చివర, రెక్క వెనక అంచు, బ్యాటరీ పెట్టె కింద. రంగు కింద చిన్న చిన్న బొబ్బలు, రివెట్ల చుట్టూ తెల్లటి పొడి ఉంటే అల్యూమినియం తినేయబడుతోందని అర్థం. రివెట్ చుట్టూ నల్లటి మసి కారినట్టుంటే అది వదులై కదులుతోంది. అయస్కాంతం ఎందుకంటే, అల్యూమినియం ఉండాల్సిన చోట ఎవరో ఇనప రేకుతో అతుకు వేసి రంగు కొట్టి ఉండొచ్చు. గ్రీజు ఫిట్టింగుల్లో ఎండిపోయిన పాత గ్రీజు, టైరు పక్కగోడల మీద పగుళ్లు, మారుమూల సాలెగూళ్లు, ఇవన్నీ విమానం ఎన్నేళ్లు కదల్లేదో అమ్మేవాడికన్నా నిజాయితీగా చెబుతాయి.

ఇంజను తిరుగుతోందంటే బాగుందని కాదు. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి బోరోస్కోప్ దింపి సిలిండర్ గోడలు చూడండి, ఆయిల్ స్క్రీన్ విప్పించి లోహపు పొలుసులు ఉన్నాయేమో చూడండి. అమ్మేవాడు స్క్రీన్ విప్పనివ్వకపోతే బేరం అక్కడితో ఆపేయండి.

4. విప్పడం

విప్పడం వారాల పని, మళ్లీ కూర్చడం ఏళ్ల పని. కాబట్టి విప్పేది మీకోసం కాదు, అయిదేళ్ల తర్వాత వచ్చే ఎవరో అపరిచితుడి కోసం అనుకోండి. ప్రతి భాగానికీ చీటీ, ప్రతి బోల్టుల గుంపుకీ విడి సంచి, ప్రతి గొట్టం దారికీ పక్కనే స్కేలు పెట్టి ఫొటో. పాత బోల్టులు మళ్లీ వాడకపోయినా పారేయొద్దు. ఏ పొడవుది ఎక్కడుందో అవే చెబుతాయి. కుళ్లిన రేకు కూడా అంతే, కొత్తదానికి అదే నమూనా.

గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. యుద్ధకాలపు డయళ్లలో చీకట్లో మెరిసే రంగు రేడియం. మెరుపు ఆరిపోయినా రేడియోధార్మికత పోదు, దాని సగం ఆయుష్షే 1,600 ఏళ్లు. ఆ మీటర్లని విప్పకండి, గీకకండి, గైగర్ కౌంటర్‌తో చూసి అనుమతి ఉన్న వర్క్‌షాపుకి పంపండి. పసుపుపచ్చ జింక్ క్రోమేట్ ప్రైమర్ దుమ్ము క్యాన్సర్ తెచ్చేది. ఇంజనుకీ కాక్‌పిట్‌కీ మధ్య ఉండే ఫైర్‌వాల్ దగ్గర ఆస్బెస్టాస్ ఉండొచ్చు. కాడ్మియం పూత ఉన్న బోల్టుల్ని సాన పట్టకండి, వేడి చెయ్యకండి.

5. చట్రం: లోహం, గొట్టం, చెక్క

అసలు రెస్టొరేషన్ ఇక్కడే. ఇక్కడ తొందరపడితే మిగతా ఏదీ నిలబడదు.

లోహం నుంచి మొదలుపెడదాం. రంగంతా రసాయనంతో తీయండి. అల్యూమినియం మీద ఉక్కు ఉన్ని వాడొద్దు, దాని నలుసులు లోహంలో ఇరుక్కుని కొత్త తుప్పుకి విత్తనాలవుతాయి. పెన్సిల్‌తో గీతలు గీయడం కూడా తప్పే, గ్రాఫైట్ కూడా అదే పని చేస్తుంది. తుప్పు పైపైన ఉంటే తీసేసి మిగిలిన మందం కొలిచి, మాన్యువల్ ఒప్పుకున్నంత ఉంటే ఉంచవచ్చు. స్పార్లలో, గట్టి మిశ్రలోహాల్లో ఇంకో రకం ఉంటుంది. లోహం తడిసిన పుస్తకం పుటల్లా పొరలుగా విడిపోయి ఉబ్బుతుంది. దానికి గీకడం, పూయడం మందు కాదు. ఆ భాగం మార్చాల్సిందే.

రివెట్ల పని నేర్చుకోదగ్గ చేతిపని. పాత రివెట్ తీసేటప్పుడు తల మధ్యలో ఉండే చిన్న గుంటలో డ్రిల్ ఆనించి, తల లోతు వరకే తొలిచి, ఆ తలని పంచితో ఒడుపుగా విరవాలి. మిగిలిన కాడని వెనక నుంచి ఎవరైనా బక్కింగ్ బార్ అనే ఇనప దిమ్మె ఆనించి పట్టుకుంటే మెల్లగా తట్టి బయటికి తోయాలి. డ్రిల్‌ని చివరిదాకా తోస్తే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది, అక్కడ పై సైజు రివెట్ వెయ్యాల్సి వస్తుంది, దాంతో అంచుకి దూరం చాలదు. రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకి రివెట్ వ్యాసానికి రెట్టింపు దూరం ఉండాలి. వేసిన రివెట్ వెనక తల వెడల్పు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు వ్యాసంలో సగం వస్తే సరిగ్గా పడ్డట్టు. విమానం ముట్టుకునే ముందు పాత రేకు ముక్కల మీద కొన్ని వందల రివెట్లు వేయండి. చేతికి ఆ శబ్దం తెలియాలి. సరిగ్గా కూర్చుంటున్న రివెట్‌కి ఒక మోత, తప్పుతున్నదానికి ఇంకో మోత.

ఇక పగుళ్లు. ఉక్కు భాగాలకి మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష (అయస్కాంతంగా మార్చి ఇనప పొడి చల్లడం), అల్యూమినియానికి డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి ఇంకి కనబడే రంగు) లేదా విద్యుత్తుతో చూసే ఎడ్డీ కరెంట్. ముఖ్యంగా రెక్కలు అతికే చోట. 2005లో ఫ్లోరిడాలో ఒక టి-6 రెక్క గాల్లోనే ఊడిపోయింది. ఆ తర్వాతే రెక్క అతుకు యాంగిల్స్‌ని ప్రతి 200 గంటలకీ ఫ్లోరసెంట్ పెనెట్రెంట్‌తో చూడాలన్న ఆదేశం వచ్చింది. టి-34 మెంటర్ అనే శిక్షణ విమానాల్లోనూ 1999 నుంచి వరసగా స్పార్లు విరిగాయి, విరిగినవి ఉత్తుత్తి డాగ్‌ఫైట్లకి వాడిన విమానాలు. మీ విమానం పాత రోజుల్లో ఏ పని చేసిందో తెలుసుకోవాలనేది ఇందుకే. గంటలు తక్కువగా కనబడినా, అవి ఎలాంటి గంటలో చూడాలి.

స్టీల్ గొట్టాల చట్రంలో తుప్పు లోపల్నుంచి వస్తుంది, అదీ తోక దగ్గర కింది గొట్టంలో. మొనదేలిన పంచితో తడుతూ వెళ్తే పలచబడ్డ చోట గుంట పడుతుంది. ఆ ముక్క కోసి కొత్తది వెల్డ్ చేయించాలి, మూసే ముందు గొట్టంలో లిన్సీడ్ ఆయిల్ పోసి తిప్పి, మిగిలింది ఒంపేయాలి. వెల్డింగ్ మాత్రం విమాన చట్రాలు చేసి ఉన్నవాడితోనే.

చెక్క రెక్కలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి, నమ్మడానికి కష్టం. ఆ కాలంలో వాడింది పాలలోని కేసిన్‌తో చేసిన జిగురు. తడి తగిలితే బూజు దాన్ని తినేస్తుంది. వేలి కణుపుతో స్పార్ పొడవునా కొట్టుకుంటూ వెళ్లండి, టంగుమనే చోట బాగుంది, దబ్బుమనే చోట లోపల విడిపోయింది. బోల్టు రంధ్రాల చుట్టూ నల్ల మరక ఉంటే అక్కడ సన్నటి సూదితో గుచ్చి చూడండి. కొత్త అతుకు వాలుగా ఉండాలి. ఒక అంగుళం మందం చెక్కకి పన్నెండు అంగుళాల పొడవు వాలు మంచి కొలత. చెక్కలో తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉన్నప్పుడే జిగురు పెట్టాలి. పాత కేసిన్ మీద కొత్త ఎపాక్సీ పూసి సరిపెట్టొద్దు, పట్టదు.

6. గుడ్డ, రంగు

పాతకాలపు నూలుగుడ్డ బదులు ఇప్పుడు అందరూ పాలిస్టర్ వాడుతున్నారు. చట్రానికి అంటించి ఇస్త్రీ పెట్టెతో బిగిస్తారు. ముందు 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చివరి బిగింపు 177 దగ్గర. అంతకు మించితే బిగియాల్సింది వదులవుతుంది. ఇస్త్రీ పెట్టె డయల్‌ని నమ్మకుండా థర్మామీటర్‌తో సరిచూసుకుని గుర్తులు పెట్టుకోండి. తర్వాత రెక్క పక్కటెముకల్లాంటి ప్రతి రిబ్‌కీ దారంతో కుట్టాలి. విమానం ఎంత వేగంగా పోతే కుట్లు అంత దగ్గర, ప్రొపెల్లర్ గాలి తగిలే చోట ఇంకా దగ్గర. ఓపిక ఉన్న స్నేహితులకి ఇచ్చే పని ఇదే, ఒకరు సూది ఇటు తోస్తే ఇంకొకరు అటు అందుకుంటారు. పైన అల్యూమినియం పొడి కలిసిన వెండి పూత మానొద్దు, ఎండ నుంచి గుడ్డని కాపాడేది అదే.

రంగు వేశాక ఎలివేటర్, రడ్డర్ (తోక మీదివి), ఎయిలరాన్ల (రెక్కల మీదివి) లాంటి కదిలే పలకల్ని మళ్లీ తూచి బ్యాలెన్స్ చెయ్యాలి. అదనంగా పడ్డ ఒక కోటు రంగు బరువుకే అవి ఒక వేగంలో కొట్టుకోవడం మొదలెట్టవచ్చు, అలా మొదలైతే రెప్పపాటులో విరుగుతాయి.

7. ఇంజను

రేడియల్ ఇంజను గురించి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి హైడ్రాలిక్ లాక్. ఆపిన ఇంజనులో ఆయిల్ మెల్లగా కింది సిలిండర్లలోకి జారుతుంది. ద్రవం నలగదు కాబట్టి ఆ స్థితిలో స్టార్టర్ నొక్కితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వంగిన రాడ్‌తో కూడా ఇంజను అప్పటికి బాగానే తిరగొచ్చు, కొన్ని గంటల తర్వాత గాల్లో విరుగుతుంది. అందుకే స్టార్టు చేసే ముందు మాగ్నెటోలు (ప్లగ్గులకి స్పార్కు పుట్టించేవి) ఆపి, ప్రొపెల్లర్‌ని చేత్తో కనీసం రెండు పూర్తి చుట్లు తిప్పాలి. మాగ్నెటో ఆపి ఉన్నా ప్రొపెల్లర్ ఎప్పుడైనా తిరగొచ్చనే అనుకుని నిలబడండి. మధ్యలో బిగుసుకుపోతే బలం పెట్టొద్దు. అలాగని వెనక్కి కూడా తిప్పొద్దు. వెనక్కి తిప్పితే ఆయిల్ ఇన్‌టేక్ గొట్టంలోకి పోయి దాక్కుంటుంది, స్టార్టు కాగానే మళ్లీ సిలిండర్లోకే వస్తుంది. కింది సిలిండర్ల ప్లగ్గులు విప్పి ఆయిల్ కారనివ్వడమే మార్గం.

ఏళ్ల తరబడి ఆగిపోయిన ఇంజనుని అలాగే స్టార్టు చేసి ఎగరాలని అనుకోవద్దు. ఓవర్‌హాల్‌కి పంపండి, అదీ ఆ ఇంజనుకే పేరున్న షాపుకి. స్పిట్‌ఫైర్‌లో ఉండే మెర్లిన్ లాంటి 12 సిలిండర్ల, 27 లీటర్ల ఇంజనుల్ని చేసే షాపులు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి, వరసలో ఏళ్లు ఆగాలి. చట్రం పని మొదలైన రోజే ఇంజను పంపడం మంచిది.

తిరిగొచ్చాక మొదటి స్టార్టు ఇలా:

- పంపుతో బయట నుంచి ఆయిల్ ఎక్కించి గేజ్‌లో ప్రెషర్ కనబడేదాకా ఆగాలి.
- విమానం తోకని కట్టేసి, చక్రాలకి అడ్డాలు పెట్టి, ఇద్దరు మనుషులు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లతో నిలబడాలి.
- స్టార్టయిన 30 సెకన్లలో ఆయిల్ ప్రెషర్ రాకపోతే వెంటనే ఆపాలి. గేజ్ పాడయిందేమో అని ఆలోచించేది ఆపిన తర్వాత.
- ఆయిల్ వేడెక్కేదాకా తక్కువ ఆర్పీఎంలోనే ఉంచాలి. తర్వాత ఒక్కో మాగ్నెటో విడిగా చూడాలి.
- ఆపాక కౌలింగ్ (ఇంజను మీది రేకు మూత) తీసి లీకులు, స్క్రీన్ విప్పి లోహం చూడాలి. ఇది ప్రతి రన్ తర్వాతా.

మెర్లిన్ కథ వేరు, అది నేల మీద ఉడుకుతుంది. స్పిట్‌ఫైర్‌లో దింపిన చక్రాల కాలు ఒకటి రేడియేటర్‌కి అడ్డం వస్తుంది కూడా. స్టార్టు చేసిన కొన్ని నిమిషాల్లో గాల్లో ఉండాలి, లేకపోతే ఆపేయాలి.

పెట్రోలు విషయం కూడా చూసుకోండి. యుద్ధకాలపు హై గ్రేడ్ పెట్రోలు ఇప్పుడు రాదు, దొరికేది 100 ఎల్ఎల్ (తక్కువ సీసం ఉన్న విమాన పెట్రోలు). పాత మాన్యువల్‌లోని గరిష్ఠ బూస్ట్ (ఇంజనులోకి తోసే గాలి ఒత్తిడి) అంకెలు ఆ పాత పెట్రోలుకి రాసినవి, వాటిని అలాగే వాడితే డిటొనేషన్‌తో (పెట్రోలు మెల్లగా కాలకుండా ఒక్కసారిగా పేలడం) పిస్టన్లు పోతాయి. ఓవర్‌హాల్ షాపు ఇచ్చిన అంకెలే మీ అంకెలు.

8. గొట్టాలు, వైర్లు, తాత్కాలికపు ఏర్పాట్లు

రబ్బరు ఏది కనబడినా మార్చండి, కొత్తగా కనిపించినా సరే. హైడ్రాలిక్ ఆయిల్ రకాన్ని సీళ్ల రకంతో సరిచూసుకోండి. పాత విమానాల్లో కొన్నిటికి ఆముదం ఆధారిత ఆయిల్, సహజ రబ్బరు సీళ్లు ఉండేవి. అందులో ఇప్పటి ఎర్ర మినరల్ ఆయిల్ పోస్తే ఆ సీళ్లు ఉబ్బి పాడవుతాయి. నూలు తొడుగు ఉన్న పాత వైరింగ్ మొత్తం తీసేయడమే నయం.

కీ బర్డ్ అనే బి-29 బాంబరు సంగతి ఇక్కడ చెప్పాలి. 1947లో గ్రీన్‌లాండ్ మంచు మీద దిగి ఆగిపోయిన ఆ విమానాన్ని అక్కడే బాగుచేసి, ఇంజన్లు మార్చి, 1995 మే 21న ఎగరేయబోయారు. సహాయక జనరేటర్‌కి తాత్కాలికంగా పెట్టిన పెట్రోలు ట్యాంకు లీకై, పరుగు తీస్తుండగానే మంటలు అంటుకుని విమానం చాలావరకు కాలిపోయింది. అంత శ్రమని కాల్చేసింది ఒక చిన్న ట్యాంకు. ‘ప్రస్తుతానికి’ అని పెట్టిన ప్రతిదానికీ ఎర్ర రిబ్బన్ కట్టండి, రిబ్బన్ ఒక్కటి ఉన్నా ఇంజను స్టార్టు చెయ్యొద్దు.

9. కూర్పు, తూకం

తుపాకులు, కవచం, బరువైన రేడియోలు పోయాయి కాబట్టి గరిమనాభి (విమానం బరువు తూగే బిందువు) మాన్యువల్‌లో ఉన్న చోట ఉండదు. తూచి తీరాలి, అవసరమైతే బరువులు బిగించాలి.

కంట్రోల్ కేబుళ్ల మీద నూలుగుడ్డ పట్టి పొడవునా లాగండి, తెగిన పోగు ఉంటే గుడ్డ పట్టుకుంటుంది. తర్వాత కాక్‌పిట్‌లో కూర్చుని స్టిక్ మీద పిడికిలి పెట్టి బొటనవేలు పైకి నిలపండి. స్టిక్‌ని పక్కకి వంచితే బొటనవేలు ఎటు చూపిస్తుందో అటువైపు ఎయిలరాన్ పైకి లేవాలి. తిరగబడిన కేబుళ్లతో టేకాఫ్ చేసి చనిపోయినవాళ్లు ఉన్నారు. బిగించినవాడు కాకుండా వేరే మనిషి ఇది చూడాలి.

10. పైలట్ సిద్ధమవడం

విమానం మీద పని జరుగుతున్న ఆ ఏళ్లలోనే మీరూ తయారవ్వాలి. వరస ఇది: కబ్ లాంటి తేలిక టెయిల్‌వీల్, తర్వాత స్టియర్‌మన్, తర్వాత టి-6. ఒక్కోదాంట్లో అడ్డగాలిలో దిగడం వచ్చాకే పై మెట్టు.

టెయిల్‌వీల్ విమానంలో బరువు ప్రధాన చక్రాలకి వెనక ఉంటుంది. నేల మీద ముక్కు కాస్త పక్కకి తిరిగితే వెనక బరువు దాన్ని ఇంకా తిప్పుతుంది, అదే గ్రౌండ్ లూప్. విమానం పూర్తిగా ఆగేదాకా కాళ్లు పనిచేస్తూనే ఉండాలి. ముక్కు పైకి ఉండటంతో ముందు కనబడదు, ట్యాక్సీలో పాము మెలికలు తిరుగుతూ పోవాలి. కొన్ని రకాల టి-6లలో ఇంకో మెలిక ఉంది. స్టిక్ పూర్తిగా ముందుకి తోస్తే తోక చక్రం లాక్ వదిలి స్వేచ్ఛగా తిరుగుతుంది. దిగిన తర్వాత పొరపాటున అలా తోస్తే పక్కకి జారిపోతారు.

మస్టాంగ్ స్థాయికి వచ్చేసరికి టార్క్, అంటే ఇంజను విమానాన్ని పక్కకి తిప్పే బలం, తోడవుతుంది. నెమ్మదిగా వస్తూ ల్యాండింగ్ రద్దు చేసుకుని థ్రాటిల్ ఒక్కసారిగా తోస్తే విమానం ప్రొపెల్లర్ చుట్టూ తిరగబడుతుంది. థ్రాటిల్ మెల్లగా, రడ్డర్ ముందే. ట్యాంకుల సంగతి కూడా మాన్యువల్‌లో చదివి కంఠతా పట్టాలి. మస్టాంగ్ కార్బ్యురేటర్ నుంచి తిరిగొచ్చే పెట్రోలు ఎడమ రెక్క ట్యాంకులోకి పోతుంది, అందుకే ముందు ఆ ట్యాంకే వాడాలి. పైలట్ వెనక ఉండే 85 గ్యాలన్ల ట్యాంకు నిండా ఉంటే విమానం నిలకడ తప్పుతుంది, చాలామంది దాన్ని నింపరు.

11. తొలి ఫ్లైట్

మీ విమానమైనా తొలి ఫ్లైట్ మీరు చెయ్యొద్దు, ఆ రకం మీద బాగా గంటలున్న పైలట్‌కి ఇవ్వండి. అహం అడ్డొస్తుంది, రానివ్వండి. గ్లేసియర్ గర్ల్ అనే పి-38 ఫైటర్‌ని 1992లో గ్రీన్‌లాండ్ మంచు కింద 268 అడుగుల లోతు నుంచి తీస్తే, మళ్లీ ఎగిరింది 2002 అక్టోబరులో. పదేళ్లు పట్టిన పనికి ఒక వారం ఆలస్యం లెక్క కాదు. కాబట్టి గాలి బాగాలేకపోయినా, గేజ్ ఒకటి తేడాగా ఉన్నా, మనసు ఒప్పకపోయినా వాయిదా వేయండి. చూడటానికి జనాన్ని పిలవొద్దు, వాళ్లుంటే వాయిదా వేయడం కష్టం.

పొడవైన రన్‌వే, ఒక్కడే పైలట్, నేల మీద ఫైర్ టీమ్. చక్రాలు ముడవకుండా ఎయిర్‌ఫీల్డ్ నెత్తినే ఎత్తు పెంచుకుని, ఇంజను ఆగితే దిగగలిగేంత దూరంలోనే తిరగాలి. ఉష్ణోగ్రతలు, ప్రెషర్లు కార్డు మీద రాసుకోవాలి. ఎత్తులో ఒకసారి ల్యాండింగ్ వేగానికి తగ్గించి విమానం ఎలా ప్రవర్తిస్తుందో చూసుకుని దిగాలి. ఇరవై నిమిషాలు చాలు. దిగాక కౌలింగులు తీసి మొత్తం మళ్లీ చూడాలి. చక్రాలు ముడవడం, పూర్తి స్టాల్ (వేగం చాలక రెక్కలు మోయలేకపోవడం), గరిష్ఠ వేగం అన్నీ తర్వాతి ఫ్లైట్లలో ఒక్కొక్కటిగా.

12. ఆ తర్వాత

ఎగురుతూ ఉండండి. రెండు వారాలకోసారి, ఆయిల్ పూర్తిగా వేడెక్కి లోపలి తేమ ఆవిరయ్యేంతసేపు. నేల మీద అయిదు నిమిషాలు తిప్పి ఆపితే తేమ తగ్గదు, పెరుగుతుంది. రేడియల్స్ నడిపేవాళ్లు పాటించే ఇంకో లెక్క: ప్రతి 100 ఆర్పీఎంకి కనీసం ఒక అంగుళం మానిఫోల్డ్ ప్రెషర్ (సిలిండర్లలోకి పోయే గాలి ఒత్తిడి), అంటే 2,000 ఆర్పీఎంలో 20 అంగుళాలకి తగ్గించొద్దు. తగ్గిస్తే ప్రొపెల్లరే ఇంజనుని తిప్పి మాస్టర్ రాడ్ (ప్రధాన కనెక్టింగ్ రాడ్) బేరింగ్‌ని పాడుచేస్తుంది. చలికాలం ఎగరలేకపోతే ప్రిజర్వేటివ్ ఆయిల్ పోసి, తేమ పీల్చే ప్లగ్గులు బిగించి పెట్టండి.

ఎయిర్ షోలకి వెళ్లే ముందు విడిగా శిక్షణ, అనుమతి కావాలి. 2015 ఆగస్టు 22న బ్రిటన్‌లోని షోరమ్‌లో ఒక హంటర్ జెట్ లూప్ (గాల్లో నిలువు చుట్టు) తీస్తూ రోడ్డు మీద పడి 11 మంది చనిపోయారు. లూప్ పైకొసన కనీసం 3,500 అడుగులుండాల్సింది, అది 2,700 దగ్గరే ఉంది. పైకొసన ఎత్తు, వేగం చాలకపోతే లూప్ వదిలేసి బయటపడే దారి ముందే సాధన చేసి ఉండాలి. 2022 నవంబరులో డాలస్‌లో బి-17 బాంబరు, పి-63 ఫైటరు గాల్లో ఢీకొని ఆరుగురు పోయారు. విమానాలు ఎవరి ఎత్తులో వాళ్లుండేలా ముందే తేల్చుకోలేదు. షోలో బ్రీఫింగ్ సరిగ్గా లేదనిపిస్తే ఆ రోజు ఎగరకండి.

ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే బాధ్యత ఇంకా పెరుగుతుంది. 2019 అక్టోబరు 2న కనెక్టికట్‌లో టూరిస్టులతో ఎగిరిన బి-17 కూలి ఏడుగురు చనిపోయారు. టేకాఫ్ తర్వాత పవర్ తగ్గిన నాలుగో ఇంజనుని విప్పి చూస్తే, ఒక మాగ్నెటో తీగెని సేఫ్టీ వైర్‌తో కట్టి ఉంచారు, అది కేసుకి తగిలి షార్ట్ అవుతోంది. రెండో మాగ్నెటో నుంచి 9 సిలిండర్లలో నాలుగింటికి సరైన స్పార్కే లేదు. ప్లగ్గుల గ్యాప్‌లన్నీ కొలత దాటి ఉన్నాయి. ఇవన్నీ ఏ మెకానిక్ అయినా ఒక మధ్యాహ్నంలో పట్టుకోగలిగిన లోపాలే. టూర్ల మీద ఉన్నప్పుడు, షెడ్యూల్ తరుముతున్నప్పుడు, చిన్న రిపేర్లు ‘ఊరెళ్లాక చూద్దాం’ కిందికి పోతాయి. టూర్ మొదలుపెట్టే ముందే మధ్యలో మెయింటెనెన్స్‌కి ఖాళీ రోజులు కేటాయించండి, మాగ్నెటో డ్రాప్ (ఒక మాగ్నెటో ఆపినప్పుడు తగ్గే ఆర్పీఎం) అంకెలు ప్రతి రన్‌కీ రాయండి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వస్తే టికెట్లు వెనక్కిచ్చి కౌలింగ్ తెరవండి.